ఉబ్బసం పిల్లల్ని పాడనివ్వండి

సంగీతం గురించి ఎవరు ఉపన్యాసమిచ్చినా పసిపిల్లలూ పశువులూ పాములూ పాటకు తలూపుతాయనే శ్లోకంతోనే మొదలుపెడతారు. పాములకు బయటి చెవులే లేవని మన జువాలజీ మిత్రులు కొట్టిపారేస్తారు గనుక వాటి జోలికి నేను పోను. పిల్లల సంగతే, అందులోనూ ఉబ్బసంతో అవస్థపడే పిల్లల సంగతే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఈ మధ్య "రాగ చికిత్స" అనే మాట బాగా వినబడుతోంది. ఫలానా రాగం రక్తపోటుకు, ఫలానాది నిద్రలేమికి, ఇంకోటి ఉబ్బసానికి అంటూ మందుల చీటీల్లాంటి జాబితాలు సెల్‌ఫోన్లలో చేతులు మారుతున్నాయి. సంగీతమంటే ప్రాణం గనుకనే ఆ జాబితాలంటే నాకు ఒళ్ళుమంట. పాట చెయ్యలేని పనిని పాటకు అంటగట్టి, అది నిజంగా చెయ్యగలిగిన పనిని కూడా నవ్వులపాలు చేస్తున్నారు.

ఇంతకీ ఉబ్బసంలో జరిగేదేమిటి? ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకుపోయే సన్నని గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్మో, పొగో, జలుబో, చల్లగాలో తగిలేసరికి వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. జిగట కఫం చేరుతుంది. పిల్లవాడు గాలి పీల్చుకోలేకపోతున్నాడని చూసేవాళ్ళకు అనిపిస్తుంది గాని, అసలు కష్టమంతా వదలడంలో ఉంది. లోపలి గాలి పూర్తిగా పోకముందే మళ్ళీ పీలుస్తాడు. ఆ ఇరుకు దారిలోంచి గాలి వచ్చే చప్పుడునే మనవాళ్ళు పిల్లికూతలన్నారు. ఆ వాపును అదుపులో పెట్టేది రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలరు. బిగువును అప్పటికప్పుడు సడలించేది సాల్బుటమాల్ వంటి మందు. ఏ రాగమూ ఈ పని చేస్తుందన్న రుజువు లేదు.

మరి పాట దేనికంటారా? ఆయాసంతో పాటే పిల్లవాడికి భయం పుడుతుంది. భయపడేకొద్దీ ఊపిరి పైపైన, వేగంగా ఆడుతుంది, దాంతో ఆయాసం మరింత పెరిగినట్టుంటుంది. పాటలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. చటుక్కున పీల్చి, నెమ్మదిగా, కొలతగా వదలాలి. సరళీ వరసలు నేర్చుకున్నవాళ్ళను అడగండి. మొదటి కాలంలో మాయామాళవగౌళ సాగదీస్తుంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎంత పొదుపుగా వాడాలో గురువుగారు చెప్పకుండానే ఒంటబడుతుంది. వేణువూ అంతే. "నెమ్మదిగా ఊపిరి వదలరా నాన్నా" అని రోజూ పావుగంట వ్యాయామం చేయించి చూడండి, రెండోరోజుకు పిల్లవాడు పారిపోతాడు. అదే పాటైతే వాడే వచ్చి కూర్చుంటాడు!

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. 1994లో న్యూయార్కులోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరిట సంగీత వైద్య కేంద్రం వెలిసింది. ఉబ్బసం పిల్లల చేత పాడించడం, ఊదే వాయిద్యాలు వాయింపించడం అక్కడి పనుల్లో ఒకటైంది, అదీ మందులతో పాటు. అయితే ఫలితాల మాట వచ్చేసరికి చేతిలో ఉన్నది తక్కువేనని ఒప్పుకోవాలి. ఉబ్బసం పిల్లలకు శ్వాస వ్యాయామాలు పనికొస్తాయా అని 2016లో కాక్రేన్ సంస్థవాళ్ళు సమీక్షిస్తే లెక్కకు వచ్చినవి 3 అధ్యయనాలు, 112 మంది పిల్లలు. ఏమీ తేల్చి చెప్పలేమన్నారు. కనుక పాటతో మందు తగ్గించవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. బెదురు తగ్గుతుంది, ఊపిరి మీద పట్టు వచ్చిందన్న ధైర్యం కలుగుతుంది, తోటివాళ్ళ మధ్య కూర్చునే చోటు దొరుకుతుంది. నేను ఆశించేది అంతవరకే. ఒక పిల్లకు అది తక్కువేం కాదు.

ఆ చోటే మనం ఇవ్వడంలేదు. తొమ్మిదేళ్ళ మా మేనకోడలిని ఒక స్కూల్లో ప్రార్థన పాడే జట్టులోంచి తీసేశారు. "మధ్యలో దగ్గొస్తే అందరిముందూ బాగుండదు" అన్నారట. ఆటల్లో ఎలాగూ లేదు, ఇప్పుడు పాటలోనూ లేకుండా పోయింది. ఇటలీ సంగీతకర్త వివాల్డీ పుట్టుక నుంచీ తనకు ఛాతీ బిగువు ఉందని 1737లో ఉత్తరం రాసుకున్నాడు. ఆయన్ని కూడా దగ్గొస్తుందని పక్కన కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో!

ఇక తల్లిదండ్రుల తంతు వేరు. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు కోసం రాత్రంతా వరసలో నిలబడతారు. బతికున్న కొరమీను పిల్లను పసివాడి గొంతులో వెయ్యడానికి జంకరు గాని, డాక్టరు ఇన్‌హేలరు రాస్తే మాత్రం "అమ్మో, అలవాటైపోతుంది" అంటారు. చేపమందు పనిచేస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. ఇన్‌హేలరు వ్యసనంగా మారేదీ కాదు. వాళ్ళను వెక్కిరించి లాభంలేదు. బిడ్డ రాత్రిళ్ళు కూర్చునే తెల్లవారుస్తుంటే ఏ తల్లయినా ఏ వరసలోనైనా నిలబడుతుంది. అయితే రేపు "పాటమందు" అని ఇంకో వరస మొదలవడం మాత్రం నాకిష్టంలేదు.

అందుకని మన సంఘం సాంస్కృతిక విభాగానికి ఒక మాట. ఆదివారం పూట చుట్టుపక్కల పిల్లలకు పాట నేర్పుదామంటున్నారు, సంతోషం. ఉబ్బసం పిల్లల్ని కూడా పిలవండి. పిలిచేముందు ఆ గదిలోని జంపఖానా బయటికి లాగి, వాళ్ళు రాకముందే దులిపించండి. సరస్వతి పటం ముందు అగరొత్తులు, మూల దోమల చుట్ట వద్దు. వాటి పొగతో ఆయాసం రావచ్చు. వేణువులు ఒకరివి ఒకరు ఊదకూడదు. వాడినదాన్ని శుభ్రంచేసి ఆరబెట్టాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలరు వాడాక నోరు పుక్కిలించి ఉమ్మాలని పిల్లలకు గుర్తుచెయ్యండి, లేకపోతే గొంతు బొంగురుపోవచ్చు. సాల్బుటమాల్ ఇన్‌హేలరు పిల్లవాడి సంచిలో కాదు, చేతికందేచోట ఉండాలి.

నేర్పేవాళ్ళు ఇంకొకటి బాగా తెలుసుకుని ఉండాలి. ఒక్క ఊపిరిలో వాక్యం పూర్తిచెయ్యలేని పిల్లవాడి చేత పాడించకూడదు. నిటారుగా కూర్చోబెట్టి డాక్టరు చెప్పిన మోతాదు ఇచ్చి, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. పిల్లికూతలు హఠాత్తుగా ఆగి పిల్లవాడు సొమ్మసిల్లుతున్నట్టుంటే అది నెమ్మదించడం కాదు, గాలి ఆడడమే ఆగిపోతోందన్నమాట. అప్పుడు 108కి ఫోను చెయ్యాలి. మొదటి ఆదివారం పాఠానికి ముందు మెడికల్ కాలేజీ నుంచి ఎవరినైనా పిలిపించి ఇవన్నీ చూపించమనండి. జంపఖానా దులిపే పనికి నేను వస్తాను.