ముందు రాయి, తర్వాతే జాకీ

బోరబండ నుంచి హైటెక్ సిటీ దాకా ఎత్తుపల్లాలే. అక్కడ టిఫిన్ ట్రైలర్ పెట్టాలనుకుంటున్నారా? బండి ఒరిగి ఉంటే మూకుడులో మరిగే నూనె కూడా ఒక పక్కకే చేరుతుంది.

ఫోన్‌లో లెవెల్ యాప్ తెరవండి, మేస్త్రీ రసమట్టంలా పనిచేస్తుంది. బండి లోపల నేల మీద పెట్టి చూడండి. ముందు పల్లంవైపు చక్రాన్ని చెక్క పలక మీదికి ఎక్కించి, అడ్డంగా సమం చేయండి. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డు పెట్టాకే ట్రైలర్‌ని కారు నుంచి విప్పండి. తర్వాత ముందు జాకీ తిప్పి నిలువునా సరిచేయండి.

మూలల జాకీలు చివర్లో దించాలి. అవి బండి ఊగకుండా ఉండటానికే. వాటితో ఎత్తబోతే ఛాసిస్ వంగొచ్చు.

వాలులో గుర్తుంచుకోండి బాస్: జాకీ బండిని ఎత్తుతుంది, జారకుండా ఆపేది మాత్రం ఆ రాళ్లే.