వెన్ను బిగిసిందని అన్నం మానాలా?

తెనాలి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. మూడు పేజీలుంది గనుక కుదించి ఇస్తున్నాను.

"డాక్టరు గారూ, మా అబ్బాయికి 27 ఏళ్ళు. రెండేళ్ళుగా నడుం నొప్పి. ఒకరు డిస్కు జారిందన్నారు, ఇంకొకరు స్కూటరు మీద తిరగడం వల్ల అన్నారు. చివరికి హైదరాబాదులో కీళ్ళ డాక్టరు గారు పరీక్షలు చేయించి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని తేల్చారు. మాత్రలు రాశారు, వ్యాయామం చెప్పారు. తగ్గుముఖం పట్టింది. ఇంతలో ఎవరో స్నేహితుడు స్టార్చి మానేస్తే ఈ జబ్బు కుదురుతుందని చెప్పాడట. మూడు నెలలుగా మావాడు అన్నం ముట్టడం లేదు. పొద్దున ఓట్సు, రెండు పూటలా చపాతీలు. మాత్రలూ మానేశాడు. ఆరు కిలోలు తగ్గాడు. నొప్పి మళ్ళీ మొదలైంది. పండక్కి వచ్చి పులిహోర కూడా ముట్టకుండా వెళ్ళాడు. అన్నం మానినవాడికి సత్తువ ఎక్కడినుంచి వస్తుంది? నా చేతి అన్నం వాడికి విషమైపోయిందా?"

అమ్మా, మీ చేతి అన్నం విషం కాదు. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్యండి. అలాగని మీవాడు విన్నది ఉత్త పుకారూ కాదు. కాని సగం విని, ఆ సగాన్నీ తలకిందులుగా ఆచరించాడు. అన్నం మానేశాడు గాని స్టార్చి మానలేదు. చపాతీలో వున్నది అదే, ఓట్సులో వున్నదీ అదే. మానకూడని మాత్రలు మాత్రం మానేశాడు.

ఈ జబ్బు గురించి మిగతా పాఠకులకు నాలుగు మాటలు చెప్పాలి. మామూలు నడుం నొప్పి పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఇది దానికి ఎదురు. పడుకుంటే పెరుగుతుంది, తిరిగితే తగ్గుతుంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది. లేచాక అరగంట, గంట దాకా నడుం కర్రలా బిగిసి వుంటుంది. పిరుదుల్లో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నొప్పి మారుతుంది. ఎక్కువగా నలభై అయిదేళ్ళ లోపే మొదలవుతుంది. ఆడవాళ్ళకు రాదని పూర్వం అనుకునేవారు. అది నిజం కాదు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే వుండవచ్చు, ఎం.ఆర్.ఐ.లో బయటపడుతుంది. అందుకే "ఎక్స్‌రే బాగానే వుంది, అంతా నీ భ్రమ" అనిపించుకుని ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు ఎందరో వున్నారు. ఒక్క జాగ్రత్త. మన దేశంలో వెన్నెముకకు క్షయ కూడా వస్తుంది. నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం వుంటే దాని సంగతి ముందు తేల్చుకోవాలి. మీ అబ్బాయి ఆరు కిలోలు తగ్గింది పథ్యం వల్లేనని మనమే తీర్మానించుకోకుండా డాక్టరు గారికి చెప్పండి.

ఇక స్టార్చి కథ. 1973లో లండన్‌లోనూ లాస్ ఏంజిలిస్‌లోనూ రెండు బృందాలు వేర్వేరుగా ఒక సంగతి కనిపెట్టాయి. ఈ రోగుల్లో అత్యధికుల రక్తకణాల మీద హెచ్.ఎల్.ఎ. బి27 అనే గుర్తు వుంటుంది. (ఆ గుర్తు వున్నవాళ్ళందరికీ జబ్బు రాదు, నూటికి తొంభైమందికి పైగా ఏమీ కాదు. రిపోర్టులో పాజిటివ్ అని కనబడగానే కంగారు పడి నాకు ఉత్తరాలు రాయకండి.) తర్వాత లండన్ కింగ్స్ కాలేజీలో అలన్ ఎబ్రింగర్ అనే ఆచార్యుడు ఇంకో అడుగు వేశాడు. మన పెద్దపేగులో క్లెబ్సియెల్లా అనే సూక్ష్మజీవి కాపురం వుంటుంది. దాని ఒంట్లోని కొంత భాగానికీ, ఈ బి27కూ పోలిక వుందన్నాడాయన. ఆ జీవి మీదికి శరీరం పంపిన సైన్యం పోలిక చూసి పొరబడి సొంత కీళ్ళ మీద పడుతుందన్నాడు. మరి ఆ జీవికి తిండి ఏది? చిన్నపేగులో అరగకుండా కిందికి జారిన స్టార్చి. ఆ తిండి తగ్గిస్తే దాని సంతతీ తగ్గుతుంది, కీళ్ళ వాపూ తగ్గుతుంది. ఇదీ వాదన. 1980ల నుంచి ఆయన తన రోగులకు రొట్టె, బంగాళాదుంప, అన్నం తగ్గించి మాంసం, చేప, కూరలు, పళ్ళు పెంచమని చెబుతూ వచ్చాడు. వాళ్ళలో వాపును సూచించే ఇ.ఎస్.ఆర్. తగ్గిందని 1996లో ప్రచురించాడు.

వినడానికి ముచ్చటగా వుంది. కాని మామూలు భోజనం చేసే అటువంటి రోగులనే మరో జట్టుగా పెట్టి, పక్కపక్కన పోల్చి తేల్చిన నిదర్శనం దీనికి లేదు. క్లెబ్సియెల్లా పాత్రను ఒప్పుకోని శాస్త్రజ్ఞులూ వున్నారు. ఈ పథ్యంతో మేలు పొందామనే రోగులు వున్న మాటా నిజమే. కాబట్టి నా అభిప్రాయం ఇది: మందులూ వ్యాయామమూ యథాతథంగా జరుపుకుంటూ, మూడు నెలలు ప్రయత్నించి చూడవచ్చు. మందుకు బదులుగా మాత్రం వద్దు. తిండి మారిస్తే పోయేది కొంత రుచి. మందు మానితే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే ప్రమాదం వుంది. అతుక్కున్నాక ఏ పథ్యమూ విడదీయలేదు.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. స్టార్చి అంటే మరేం కాదు, గంజి. బట్టలకు పెడతామే, అదే. అది ఎందులో ఎంత వుందో తెలియకపోవడం వల్లే ఇన్ని తిప్పలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో చూడండి. వంద గ్రాములకు కార్బోహైడ్రేట్లు బియ్యంలో 78, గోధుమపిండిలో 69, జొన్నల్లో 73, రాగుల్లో 72. ధాన్యాల్లో ఇందులో అధికభాగం స్టార్చే. బియ్యానికీ గోధుమకూ తేడా తొమ్మిది గ్రాములు! ఈ తొమ్మిది గ్రాముల కోసం మీవాడు పులిహోర వదులుకున్నాడు. దంపుడు బియ్యమైనా, ఈమధ్య అందరూ మెచ్చుకుంటున్న కొర్రలు, సామలైనా ఈ విషయంలో చుట్టాలే. సగ్గుబియ్యం అయితే 87. ఉపవాసం పేరుతో సగ్గుబియ్యం కిచిడీ తిని "ఈరోజు అన్నం ముట్టలేదండీ" అనేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. కందిపప్పులో 58. బంగాళాదుంపలో 23. అదే వంకాయలో 4, బీరకాయలో 3.

పట్టికలు ఎవరు చూస్తారంటారా? గాయాలకు పూసే అయోడిన్ మందు మందుల షాపులో దొరుకుతుంది. కూరగాయను కోసి, ముక్క మీద ఒక్క చుక్క వెయ్యండి. గోధుమరంగు అలాగే వుంటే స్టార్చి లేనట్టు. నీలం కలిసిన నలుపుకు తిరిగితే వున్నట్టు. పరీక్ష చేసిన ముక్కను పారెయ్యాలి సుమా, తినకూడదు. పచ్చి అరటికాయ మీద వేసి చూడండి, సిరాలా నల్లబడుతుంది. బాగా పండి తొక్క మీద మచ్చలు పడిన అరటిపండు మీద వెయ్యండి, రంగు అంతగా మారదు. పండేకొద్దీ స్టార్చి చక్కెరగా మారిపోతుంది. కంద, చేమదుంప, చిలగడదుంప, పెండలం అన్నీ నల్లబడేవే. బజారులో కొన్న పనీరు మీద కూడా ఒక చుక్క వెయ్యండి. పిండి కలిపి అమ్మే ప్రబుద్ధులున్నారు.

స్టార్చి దొంగచాటుగా వచ్చే దారులు కూడా వున్నాయి. పులుసు చిక్కబడటానికి కలిపే బియ్యప్పిండి, శనగపిండి. హోటలు సూపులో, వేయించిన కోడి ముక్కల మీద కార్న్‌ఫ్లోరు. అప్పడాలు, వడియాలు. డబ్బాలో అమ్మే ఇంగువ కూడా ఉత్త ఇంగువ కాదు, పిండి కలిపినదే. పోపులో చిటికెడు ఇంగువకు, నాలుగు మినపబద్దలకు భయపడనక్కర్లేదు గాని సంగతి తెలిసి వుండాలి. మాత్రల తయారీలో కూడా స్టార్చి వాడతారు. ఈ మాట చదివి మాత్రలు మానేస్తానన్నాడంటే మీవాడికి రెండు తగిలించండి.

ఇంకొక తమాషా. వండి చల్లార్చిన అన్నంలో అరగని స్టార్చి ఎక్కువవుతుంది. పేగుకు మంచిదని చద్దన్నాన్ని మెచ్చుకోవడం అందుకే. కాని ఎబ్రింగర్ వాదన ప్రకారం చూస్తే ఆ అరగని భాగమే క్లెబ్సియెల్లాకు విందు! ఒకరికి మేలయినది ఇంకొకరికి కాకపోవచ్చు. ఈ పథ్యం చేసేవాళ్ళు తినే ఆ నాలుగు ముద్దలూ వేడివేడిగా తినడం మంచిది.

అవును, నాలుగు ముద్దలు. ఒక్కరోజులో పూర్తిగా మానమని నేను చెప్పను. మన కంచంలో అన్నం కొండలా, కూర నంజుకోవడానికన్నట్టు వుంటుంది. దాన్ని తిరగెయ్యండి. కూర అన్నమంత, అన్నం కూరంత. మొదటి వారం అన్నం సగం చెయ్యండి. రెండోవారం అందులో సగం. టిఫిను కష్టం. ఇడ్లీ, దోసె, ఉప్మా, పెసరట్టు అన్నీ స్టార్చివే. రెండు మూడు గుడ్లు, ఉల్లిపాయలూ పాలకూరా వేసి అట్టు పొయ్యండి. గుడ్డు తిననివారికి ఇంట్లో పాలు విరిచి చేసిన పనీరు, కొబ్బరి, నువ్వులు, బాదం, ఒక జామపండో బొప్పాయి ముక్కో. మధ్యాహ్నం సొర, పొట్ల, బీర, కాకర, దోస, వంకాయ, క్యాబేజీ, ఏదో ఒక ఆకుకూర, రెండు కూరలు గిన్నెడు గిన్నెడు. చేప అయితే పిండి పట్టించకుండా పులుసో వేపుడో. గోంగూర పచ్చడి నిరభ్యంతరంగా తినవచ్చు. చివర పెరుగు. నూనె, నెయ్యి మరీ పిసినారితనంగా వెయ్యకండి. అన్నం తీసేసిన చోట మరొకటి పెట్టకపోతే మనిషి ఎండిపోతాడు. మీవాడికి జరిగిందదే.

శాకాహారులకు ఇది నిజంగా కఠినమైన పథ్యం. పప్పు కూడా తగ్గిస్తే మాంసకృత్తులు ఎక్కడివి? అటువంటివాళ్ళను పప్పు పూర్తిగా మానమని నేను చెప్పను. రోజూ ఒక గరిటె వుంచుకుని, పాలు, పెరుగు, పనీరు పెంచుకోవాలి. ఖర్చు పెరుగుతుందన్నదీ వాస్తవమే. ఇంటిల్లిపాదీ చెయ్యాల్సిన పనిలేదు. ఒక్కరికోసం కూర ఎక్కువ వండితే చాలు.

మొదటి పది పదిహేను రోజులు తలనొప్పి, నీరసం, మలబద్ధకం వుండవచ్చు. నీళ్ళు, మజ్జిగ బాగా తాగాలి. అవి దాటినా బరువు పడిపోతూనే వుంటే పథ్యం ఆపెయ్యాలి. చక్కెర వ్యాధికి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు డాక్టరుతో చెప్పకుండా అన్నం తగ్గిస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళు, గర్భిణులు, పిల్లలు, ఇప్పటికే బక్కచిక్కినవాళ్ళు దీని జోలికి పోవద్దు. చేతివేళ్ళు వాచే కీళ్ళవాతం వున్నవాళ్ళు మేమూ చెయ్యవచ్చా అని రాస్తున్నారు. ఈ వాదన పుట్టింది వెన్ను జబ్బు గురించి. మీరు అన్నం తినండి.

గుణం కనిపించిందో లేదో తెలియాలంటే ఒక నోటుపుస్తకం పెట్టమనండి. పొద్దున లేచాక నడుం ఎన్ని నిమిషాలకు వదిలింది, రాత్రి ఎన్నిసార్లు లేచాడు, వారానికోసారి బరువు. మొదలుపెట్టేముందు ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. చేయించి, మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించాలి. గంట బిగువు ఇరవై నిమిషాలకు దిగితే కొనసాగించవచ్చు. మాత్రలు తగ్గించడమా కాదా అన్నది అప్పుడు డాక్టరు చూసుకుంటారు. ఏ మార్పూ లేకపోతే మీవాడు హాయిగా పులిహోర తినవచ్చు.

మాత్రలు ఎందుకు మానాడో కూడా మీ ఉత్తరంలో ఒక మూల వుంది. "భోజనం తర్వాత అని రాశారు, భోజనమే లేదు గనుక" అన్నాడట. తెలివైనవాడే! ఖాళీ కడుపున ఆ మాత్రలు పుండు చేస్తాయి గనుక ఆ షరతు పెట్టారు. గుడ్లు, కూర, పెరుగు తిన్నా అది భోజనమే. ఈ వారమే ఆ డాక్టరు గారిని కలిసి, జరిగింది దాచకుండా చెప్పి, మందు తిరిగి మొదలుపెట్టించుకోమనండి. ఆయన కోప్పడితే పడనివ్వండి. మాత్రలతో తగ్గనివాళ్ళకు ఇప్పుడు ఇంజెక్షన్లు కూడా వున్నాయి. వాటికి ముందు క్షయ లేదని పరీక్ష చేస్తారు. సిగరెట్ అలవాటుంటే మానాలి. అది ఈ జబ్బును ఎక్కువ చేస్తుంది. రోజూ వెన్ను సాగదీసే వ్యాయామం, ఛాతీ నిండా ఊపిరి, వీలైతే ఈత. తలగడ పల్చనిది చాలు.

ఇంకొక్కటి. ఈ జబ్బువాళ్ళకు ఒక్కోసారి ఒక కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతారు. కళ్ళకలక అనుకుని ఇంట్లో వున్న చుక్కలేవో వెయ్యకుండా ఆరోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, వెన్ను జబ్బు సంగతి కూడా చెప్పమనండి.