నడుమ వచ్చి నిలిచినవాడు

ఆట నారంభించినవాని పేరు లోకమున త్వరగా వ్యాపించును. ఆట చెడుచున్న వేళ నడుమ వచ్చి దానిని నిలిపినవాని పేరు అంతకంటె త్వరగా మఱుగుపడును. మన పాఠశాలల బహుమాన ప్రదాన సభలను చూచినను ఈ సంగతి తేటపడును. ఎక్కువ పరుగులు చేసినవానికొక గిన్నె, ఎక్కువ వికెట్లు తీసినవానికొక గిన్నె లభించును. పండ్రెండవవాడుగా సంవత్సరమంతయు కాచుకొనియుండి, అక్కఱ కలిగిన దినమున వెఱవక నిలిచినవానికి చప్పట్లైనను దక్కవు. ఇది న్యాయము కాదని నా యభిప్రాయము. ఎందుకు కాదో విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, నాతోడి యుపాధ్యాయులకును విన్నవింపగోరుచున్నాను.

అమెరికా దేశమున బేస్‌బాలను ఆటలో ఇట్టివాని పని యొక ప్రత్యేక వృత్తియై యున్నది. ఆ యాట మన క్రికెట్టునకు దూరపు చుట్టము. అందు బంతి విసరువానిని పిచ్చరందురు. ఆట మొదలిడిన పిచ్చరు సాధారణముగా ఐదాఱు ఇన్నింగ్సులు విసరి అలసిపోవును. అప్పుడు మైదానపు ప్రక్క నొక యావరణమున చేయి సవరించుకొనుచు వేచియున్న మఱియొకడు పిలువబడును. వానికి రిలీఫ్ పిచ్చరని పేరు. వాడు వచ్చునప్పటికి తఱచుగా ప్రత్యర్థులు పరుగు తీయుటకు సిద్ధముగా బేసులపై నిలిచియుందురు. చిక్కు తెచ్చినది ఇతరుడు, తీర్పవలసినది తాను. అంతేగాక, ఒకమాఱు తొలగింపబడినవాడు ఆ యాటలో మఱల ప్రవేశింపగూడదన్న నిబంధన యుండుటచే, మొదటివానిని వెనుకకు పిలుచు నాశయు లేదు.

పనామా దేశమున జాలరి కుటుంబములో పుట్టిన మారియానో రివేరా 1995 లో న్యూయార్కు యాంకీసు జట్టున ప్రవేశించెను. మొదట ఆయనకిచ్చిన పని ఆట నారంభించుటయే. అందాయన నిలదొక్కుకొనలేదు. పిమ్మట చివరి ఇన్నింగ్సులకు నియమింపబడి, 2013 లో విరమించు నాటికి 652 ఆటలలో తన జట్టు గెలుపును కాపాడినవాడుగా లెక్కకెక్కెను. ఆయన ముఖ్యముగా నమ్ముకొన్నది ఒక్క విధమైన బంతి: తిన్నగా వచ్చుచు, బ్యాటు చేరువకు రాగానే ప్రక్కకు కోసికొనిపోవునది. 2019 లో బేస్‌బాలు కీర్తిమందిరమునకు జరిగిన యెన్నికలో 425 మంది పత్రికా రచయితలు ఓటు వేయగా, 425 ఓట్లును ఆయనకే పడినవి. అంతకుముందు ఎంతటి మేటి యాటగానికిని అట్టి యేకగ్రీవ గౌరవము దొరకలేదు. మొదటి స్థానమునకు తగడనిపించుకొన్నవాడు ఏ పనికిని తగడని తలంచువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక!

మన క్రికెట్టులో పద్ధతి వేఱు. పదునొకండుగురిలో చేరనివాడు సాధారణముగా బంతి వేయుటకు వీలులేదు. కావున ఇట్టి యాపద్బంధువు మనయందు రెండు విధములుగా వచ్చును. గాయపడినవానికి బదులుగా దూరమునుండి జట్టులోనికి పిలువబడువాడు ఒకడు. జట్టులోనే యుండి, తోడివాని చేతనుండి బంతి నందుకొనువాడు మఱియొకడు. ఈ రెండు విధములకును దృష్టాంతములు మన జంటనగరములలోనే కలవు.

మొదటి విధమునకు నోయెల్ డేవిడ్ తార్కాణము. 1971 లో హైదరాబాదున జన్మించిన ఈయన ఆఫ్‌స్పిన్ వేయువాడు, బ్యాటు పట్ట నేర్చినవాడు, చుఱుకైన ఫీల్డరు. 1994 జనవరిలో సికింద్రాబాదు జింఖానా మైదానమున ఆంధ్ర జట్టుతో జరిగిన రంజీ పోటీలో హైదరాబాదు జట్టు ఆఱు వికెట్లకు 944 పరుగులు చేసెను. రంజీ పోటీలలో అంతకుముందు ఏ జట్టును అంత మొత్తము చేసియుండలేదు. అందు ఎం. వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211 పరుగులు చేయగా, డేవిడ్ 207 చేసి అజేయుడుగా నిలిచెను. ద్విశతకము చేసినవాడును మూడవవాడుగా లెక్కింపబడిన దినమది!

1997 లో భారత జట్టు వెస్టిండీసునకు వెళ్లినప్పుడు వేగముగా బంతి వేయు జవగళ్ శ్రీనాథ్ భుజపు గాయముచే తొలగవలసివచ్చెను. ఆయనకు బదులుగా పిలుపు వచ్చినది డేవిడ్‌నకు. వేగముగా వేయువానికి బదులు స్పిన్నరును పిలుచుట పలువురకు వింతగా తోచెను. డేవిడ్ వెళ్లెను. అచ్చటి యొక ఏకదిన పోటీలో 21 పరుగులు మాత్రమే యిచ్చి మూడు వికెట్లు తీసెను. అంతర్జాతీయ ఏకదిన పోటీలు ఆయనకు మొత్తము నాలుగే దక్కినవి, వికెట్లును నాలుగే. టెస్టు ఆట ఒక్కటియు దక్కలేదు. ఆ సంవత్సరముతోనే భారత జట్టులో ఆయన పాత్ర ముగిసినది.

ఈ వృత్తాంతమును చెప్పి నవ్వువారు కలరు. నాకు నవ్వు రాదు. పిలుపు వచ్చిన దినమున ఆ చేయి సిద్ధముగానుండెను. సంవత్సరముల తరబడి మన మైదానములపై, చూచువారు లేని మధ్యాహ్నములయందు, బంతి వేసిన చేయి అది. ఆయన చేయవలసినది చేసెను. తక్కినది ఆయన వశములోనిది కాదు.

ఇదే ద్వారమున ప్రవేశించి నిలిచినవాడును మన నగరమున కలడు. 2020 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని అడిలైడున మహమ్మద్ షమీ చేతికి గాయమగుటచే, తరువాతి మెల్‌బోర్ను టెస్టున స్థానము పొందినవాడు ఆటోరిక్షా నడిపిన తండ్రి కుమారుడు మహమ్మద్ సిరాజ్. ఆ తండ్రి అంతకు నెల ముందే హైదరాబాదున మరణించియుండెను. 2021 జనవరిలో బ్రిస్బేను చేరునప్పటికి జట్టులోని పేరుగల బౌలర్లందఱును గాయములచే దూరమైరి. రెండు టెస్టులు మాత్రమే ఆడిన సిరాజ్ అచ్చట అనుభవజ్ఞుడుగా ఎంచబడి, రెండవ ఇన్నింగ్సున 73 పరుగులకు ఐదు వికెట్లు తీసెను. 1988 తరువాత ఆ మైదానమున ఆస్ట్రేలియా ఓడుట అదియే మొదలు.

డేవిడ్, సిరాజ్‌ల ప్రజ్ఞలను తూచుట నా యుద్దేశము కాదు. ఇరువురును బదులుగా వచ్చినవారే. ఒకనికి నాలుగు దినముల యాట దక్కినది. ఇంకొకనికి వరుసగా అవకాశములు దక్కినవి. దీనినిబట్టి నాకు తోచునదేమనగా, సిద్ధముగా నుండుట ఆటగాని ధర్మము. ఒక్క పరీక్షతో తేల్చివేయక మఱల నిచ్చి చూచుట పెద్దల ధర్మము. మొదటిదానిని మనము పిల్లలకు నిత్యము బోధింతుము. రెండవదానిని మనకు మనము బోధించుకొనుట అరుదు.

ఇక రెండవ విధమునకు బేగంపేటయే సాక్షి. ఇచ్చటి హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివి, 2014 లో మైక్రోసాఫ్ట్ సంస్థకు ముఖ్యాధికారియైన సత్య నాదెళ్ల, 2017 లో వెలువడిన తన ‘హిట్ రిఫ్రెష్’ అను గ్రంథమున బాల్యపు క్రికెట్టును గూర్చి యొక సంగతి వ్రాసెను. ఒకనాడు తన ఆఫ్‌స్పిన్ సాగకపోవుటచే జట్టు నాయకుడు తానే బంతి తీసికొని వికెట్టు పడగొట్టెనట. పిమ్మట ఆ బంతిని మఱల నాదెళ్లకే యిచ్చెను. ఆనాడు నాదెళ్ల ఏడు వికెట్లు తీసెను. బేస్‌బాలులో ఇట్లు జరుగుటకు వీలులేదు, క్రికెట్టు వీలిచ్చుచున్నది. వికెట్టు తీసిన ఉత్సాహమున బంతిని తానే యుంచుకొనుట ఆ నాయకునకు సులభము. ఉంచుకొనియున్నచో ఆయన మంచి బౌలరనిపించుకొనును, అంతటితో సరి. తిరిగి యిచ్చుటచే తోడివాని ధైర్యమును నిలిపెను. బదులుగా వచ్చువాని పనికి ఇదియే పరాకాష్ఠ యని నేనందును.

గెలిచినవారికి గాక కాచుకొన్నవారికి బహుమానమిచ్చినచో పట్టుదల సన్నగిల్లునని కొందఱాక్షేపింతురు. ఊరక కూర్చున్నవానికిమ్మని నే ననుటలేదు. కాచుకొనుచు సాధన మాననివానికి, పిలిచినప్పుడు సాకు చెప్పక లేచినవానికి ఇమ్మనుచున్నాను. ఇది ఆటకు మాత్రమే చెందినదికాదు. ఉపాధ్యాయుడొకడు జ్వరపడినప్పుడు వాని తరగతిని చేపట్టువాడు సగములో నున్న పాఠమును, తనకు అలవాటుపడని పిల్లలను ఒక్కసారిగా ఎదుర్కొనవలెను. కుటుంబపు పెద్ద పడిపోయినప్పుడు చదువు నడుమ లేచి భారము మోయు కుమారులను, కుమార్తెలను మన తరగతులలోనే చూచుచున్నాము. వారి పేరు ఏ పట్టికయందును చదువబడదు.

కావున నా విన్నపములు మూడు. తరగతుల నడుమ జరుగు పోటీలలో, సమయము చాలినంతవఱకు, పండ్రెండవవాని స్థానము ఒక్కనికే అంటుకొనియుండక వంతులవారీగా మాఱవలెను. ఒక్క ఓవరు చెడినంత మాత్రమున బాలుని చేతనుండి బంతిని సంవత్సరమంతయు తీసివేయగూడదు. వార్షిక నివేదికలో ఆ యేడు ఇతరునికి బదులుగా నిలిచి పని నిర్వహించినవారి పేళ్లు కొన్నియైనను చదువవలెను. వీనికి ఖర్చులేదు.

విద్యార్థులారా! మీలో చాలమంది మొదటి పదునొకండుగురిలో చేరరు. పదునొకటికంటె ఎక్కువమందికి అందు చోటులేదు. అందులకు సిగ్గుపడవలదు, చేతిని మాత్రము చల్లారనీయకుడు. పిలుపు వచ్చినచో లెండు. పని ముగిసినపిమ్మట, వీలున్నచో, బంతిని ఎవనినుండి తీసికొంటిరో వానికే తిరిగి యిండు.