మంద రిజిస్టర్ల రక్షణ, మంద కాచినవారి గుర్తింపు: పూర్వ విద్యార్థుల సర్వసభ్య సమావేశ తీర్మానం

తిరుపతి పశువైద్య కళాశాలలో పశు ప్రజనన, పశు పోషణ, పశుగణ ఉత్పత్తి విభాగాల్లో చదువుకుని వివిధ కాలాల్లో బయటికి వెళ్లిన పూర్వ విద్యార్థులం ముక్కనుమ నాడు సర్వసభ్య సమావేశంగా కూడాం. కింది తీర్మానాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చర్చించి ఆమోదించాం.

మా కళాశాల 1955లో మొదలైంది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రెండేళ్లయినా కాలేదు. అంతకుముందు కోస్తా, రాయలసీమ పిల్లలు పశువైద్యం చదవాలంటే 1903 నుంచి నడుస్తున్న మద్రాసు కళాశాలకే వెళ్లేవారు. హైదరాబాదు వైపు 1946లోనే ఒక కళాశాల వచ్చింది. మాది చాలాకాలం వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడిచి, 2005 నుంచి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఈ డెబ్బై ఏళ్లలో ఇక్కడ చదివినవారు పశుసంవర్ధక శాఖలో, డెయిరీల్లో, కోళ్ల హేచరీల్లో, దాణా మిల్లుల్లో, బ్యాంకుల్లో, విదేశీ విశ్వవిద్యాలయాల్లో పనిచేశారు, చేస్తున్నారు. మా పెద్దల తరం ముసర వ్యాధి టీకాలను ఐసు ఫ్లాస్కుల్లో పెట్టుకుని ఊరూరూ తిరిగింది. 2011లో ఆ వ్యాధి భూమ్మీదే లేదని ప్రపంచ సంస్థలు ప్రకటించినప్పుడు ఆ ఘనతలో వారికీ వాటా ఉంది. ఇంతటి చరిత్ర ఉన్న విభాగాల పూర్వ విద్యార్థులు ఏటా కలిసి ఫొటోలు దిగి, శాలువాలు కప్పుకుని, భోజనం చేసి వెళ్లిపోతే సరిపోదని ఈ సమావేశం భావిస్తోంది.

విభాగం అంటే భవనమూ, అందులోని ఆచార్యులూ, డిగ్రీ పుచ్చుకున్న మేమూ మాత్రమే కాదు. మేము చేయి పెట్టి నేర్చుకున్న మంద ఉంది. ఆ మందను తెల్లవారుజామున లేచి కాచినవారు ఉన్నారు. తరతరాల పశువుల పుట్టుపూర్వోత్తరాలు రాసిన రిజిస్టర్లు ఉన్నాయి. ఈ మూడింటినీ పూర్వ విద్యార్థుల సంఘం ఇంతవరకు తన బాధ్యతగా తీసుకోలేదు. ఇకపై తీసుకోవాలన్నదే ఈ తీర్మానం సారాంశం.

ముందుగా మనుషుల సంగతి. మొదటి సంవత్సరంలోనే పశుగణ ఉత్పత్తి పాఠం ఉంటుంది కాబట్టి మాలో చాలామంది పశువును మొదట తాకింది ఆసుపత్రిలో కాదు, ఫారంలో. పట్నంలో బైపీసీ చదివి, ఎంబీబీఎస్ సీటు రాలేదన్న దిగులుతో వచ్చినవాళ్లం మాలో తక్కువేమీ కాదు. పాలు పితకడం పుస్తకంలో చదివి పాకలోకి వెళ్తే ఆవు కాలు విదిలించేది. అప్పుడు పక్కన కూర్చున్న ఫారం పనివాడు, "అట్ల కాదు నాయనా, బొటనేలు లోపలికి మడవద్దు. చన్ను పిడికిట్లో నిండుగా పట్టుకో, పైనుంచి కిందికి ఒక్కొక్క వేలే నొక్కుకుంటా రా" అని చేయి పట్టి చూపించేవాడు. మడిచిన బొటనవేలి కణుపు రాపిడికి చన్ను లోపలి పొర దెబ్బతింటుందనీ, అది పొదుగువాపుకు దారి తీయవచ్చనీ మాకు ఆచార్యులు చెప్పారు. కానీ వేళ్లకు ఆ పని అలవాటు చేసింది ఆయన. తీగలు వేసిందా, వేరే ఆవు మీదికి ఎక్కుతోందా, మేత వదిలి అరుస్తోందా అని చూసి ఎదకొచ్చిన పశువును మందలో వేలెత్తి చూపింది ఆయనే. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం కృత్రిమ గర్భధారణ సూది వేయించాలన్న సూత్రం మాకు పరీక్షలో మార్కు తెచ్చింది. ఆ పొద్దును, ఆ సాయంత్రాన్ని కచ్చితంగా పట్టుకునే కన్ను మాత్రం ఆయనది. ఈనిన గంటలోపు దూడకు ముర్రుపాలు తాగించాలని మేము రాసేవాళ్లం. అర్ధరాత్రి ఈనిన ఆవు దగ్గర లాంతరో టార్చిలైటో పట్టుకుని కూర్చుని తాగించింది ఆయన.

ఇలాంటి ఫారం పనివారిలో కొందరు టైంస్కేలు ఉద్యోగులుగా, కొందరు దినసరి కూలీలుగా, ఇటీవల మరికొందరు అవుట్‌సోర్సింగ్‌లో పనిచేసి వెళ్లిపోయారు. వీరి పేర్లు ఏ స్మారక సంచికలోనూ లేవు. కాబట్టి కళాశాల పశు క్షేత్రంలో పనిచేసి రిటైరైన, ఇప్పుడు పనిచేస్తున్న ప్రతి ఒక్కరినీ పూర్వ విద్యార్థుల సంఘంలో గౌరవ సభ్యులుగా చేర్చుకోవాలని ఈ సమావేశం తీర్మానిస్తోంది. వారికి చందా ఉండదు, ఓటు ఉంటుంది. వచ్చే సమావేశంలో వారు వేదిక కింద కుర్చీలు సర్దేవారిగా కాక మాతో పాటు పంక్తిలో కూర్చునేవారిగా ఉండాలి. వారి పిల్లల్లో పాలిటెక్నిక్, పశువైద్య డిగ్రీ చదివేవారికి ఫీజు సాయం సంఘం నిధి నుంచి అందాలి. ఈ సాయం దరఖాస్తు పెట్టించుకుని దయతలచి ఇచ్చేదిగా కాకుండా, మాకు చదువు చెప్పినవారి హక్కుగా ఉండాలన్నది సభ్యుల అభిప్రాయం.

ఇక రిజిస్టర్ల సంగతి. దీనిమీదే చర్చ ఎక్కువ సేపు జరిగింది, జరగాల్సిందే.

మంద రిజిస్టరులో ఒక పేజీ ఒక పశువు జీవితం. పైన చెవిలో పచ్చబొట్టు వేసిన నంబరు. పక్కన తల్లి నంబరు, తండ్రి నంబరు. పుట్టిన తేదీ, పుట్టినప్పటి బరువు, పాలు మాన్పించిన రోజు, తొలిసారి ఎదకు వచ్చిన వయసు, తొలి ఈత, ఈతకూ ఈతకూ మధ్య ఎన్ని రోజులు, 305 రోజుల పాడిలో ఎన్ని లీటర్లు, వట్టిపోయిన రోజులెన్ని. చివరి గడిలో ఎర్ర సిరాతో అమ్మకమో, చావో, కారణమో. ఒక్కోచోట చేతిరాత మారుతుంది; అంటే ఒకరు రిటైరై ఇంకొకరు వచ్చారన్నమాట. ఇలాంటి పేజీలు వందలు కలిస్తేనే ఒక జాతి గురించి రూఢిగా ఒక మాట చెప్పగలం. ప్రజనన శాస్త్రంలో మా థీసిసులన్నీ ఈ పేజీల మీదే నిలిచాయి. పరిశోధన మాదే అయినా లెక్క రాసింది వేరేవారు.

పశువుల సంఖ్య తక్కువగా ఉన్న జాతుల విషయంలో ఈ పేజీలకు ప్రాణంతో సమానమైన విలువ ఉంది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతున్న పుంగనూరు ఆవు మూడడుగులకు అటూ ఇటూ ఎత్తుండే పశువు. అలాంటి చిన్న మందలో ఏ ఆబోతును ఏ ఆవుకు దాటించాలన్నది రిజిస్టరు చూడకుండా తేల్చలేం. తండ్రిని కూతురికే దాటిస్తే పుట్టే దూడలో అంతఃప్రజనన గుణకం 25 శాతం. ఒకే తండ్రికి వేర్వేరు తల్లులకు పుట్టినవాటిని కలిపితే 12.5 శాతం. ఈ శాతం పెరిగేకొద్దీ చూలు నిలవకపోవడం, దూడలు దక్కకపోవడం, పాలు తగ్గడం వరసగా మొదలవుతాయి. 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో పుంగనూరు ఆవులు కనిపించాక ఆ జాతి పేరు దేశమంతా తెలిసింది. దాంతో పాటే కనిపించిన ప్రతి పొట్టి ఆవునూ పుంగనూరు పేరుతో అమ్మే బేరమూ పెరిగింది. కొనే రైతుకు ఎత్తు కొలవడం తెలుసు, వంశం తెలుసుకునే దారి లేదు. ఆ దారి మన రిజిస్టర్లలో ఉంది.

ఒంగోలు జాతి కథ మనందరికీ తెలిసిందే అయినా ఇక్కడ చెప్పక తప్పదు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల నల్లరేగడి నేలల్లో పెరిగిన ఈ తెల్లని పశువు ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లింది. అక్కడ నెల్లూరు పేరు మీదే నెలోర్ అయింది. ఇవాళ ఆ దేశపు మాంస పశు సంపదలో సింహభాగం దాని సంతతే. పశువులను మనమే ఇచ్చాం. అక్కడి పెంపకందారులు వాటి వంశావళిని తరం వెంట తరం రాసుకుంటూ, ఏ కోడె సంతానం ఎంత బరువు పెరిగిందో చూసుకుంటూ ముందుకు వెళ్లారు. మన దగ్గర గుంటూరు దగ్గరి లాం ఫారంలో జాతి సంరక్షణ సాగుతోంది. కేంద్ర ప్రభుత్వ మంద నమోదు పథకం యూనిట్ ఒంగోలులో ఉంది. రైతులు కనుమకు బండలాగుడు పోటీల్లో గిత్తల పౌరుషం నిలుపుతున్నారు. ఇన్ని ఉన్నా, పాత రికార్డు ఒకటి కావాలంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వెతుక్కోవాల్సిన స్థితి మాలో చాలామందికి అనుభవమే. చెదలు తిన్న రిజిస్టరు మళ్లీ రాదు. గిత్తను కొనుక్కోవచ్చు, దాని ఏడు తరాల లెక్కను ఎంత డబ్బు పోసినా కొనలేం.

అందువల్ల, విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చిన మేరకు కళాశాల, పరిశోధన కేంద్రాల పాత మంద రిజిస్టర్లను పేజీ పేజీ స్కాను చేయించి, వివరాలను కంప్యూటరులోకి ఎక్కించే పనిని సంఘం తన ఖర్చుతో చేపట్టాలని ఈ సమావేశం తీర్మానిస్తోంది. రికార్డు యాజమాన్యం పూర్తిగా విశ్వవిద్యాలయానిదే. సంఘం దాన్ని అమ్మదు, దాచుకోదు, ఏ కంపెనీకీ ఇవ్వదు. ఎక్కించే ప్రతి నమోదునూ ఇద్దరు విడివిడిగా సరిచూడాలి. నంబరులో ఒక్క అంకె తప్పితే ఒక దూడకు తండ్రి మారిపోతాడు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో పాడి పశువుల జన్యు మూల్యాంకనంలో పనిచేస్తున్న మన సభ్యులు లెక్కల పద్ధతిని తయారు చేసి, ఇక్కడి పీజీ విద్యార్థులకు శనివారాలు ఆన్‌లైన్‌లో నేర్పడానికి ముందుకొచ్చారు. సమావేశం వారికి కృతజ్ఞతలు తెలుపుతూ, ఈ పాఠాలు మొదలుపెట్టే బాధ్యతను వారికే అప్పగిస్తోంది.

రిజిస్టరులో లేని జ్ఞానం కాపరుల దగ్గర ఉంది. నెల్లూరు గొర్రెలో తెల్లని పల్ల, నల్ల మచ్చల జోడిపి, ఎర్రని దొర అన్న మూడు రకాలను ఇప్పటికీ కాపరులే చూడగానే విడదీస్తారు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. ఇంత సంపదను నడిపిస్తున్నవారు ఏ చెరువు కింద ఎప్పుడు మేపాలి, ఏ గడ్డి లేతగా ఉన్నప్పుడు మందను దూరంగా ఉంచాలి, పొట్టేలును ఏ లక్షణం చూసి విత్తనానికి నిలపాలి అన్నది నోటి మాటగానే దాటించుకుంటూ వస్తున్నారు. సభ్యులు తమ తమ మండలాల్లో వీరి మాటలను వారి అనుమతితో, వారి పేరుతో, వారి యాసలోనే రికార్డు చేసి ఇవ్వాలి. మన భాషలోకి దిద్దకూడదు.

కొత్తగా చేరే ప్రతి విద్యార్థికీ ఒక పూర్వ విద్యార్థిని జత చేయాలి. హాస్టల్లో తొలి నెలలు గడవడం కష్టమయ్యే పిల్లలకు, ముఖ్యంగా మొదటిసారి ఇల్లు వదిలివచ్చిన ఆడపిల్లలకు, ఫోను చేస్తే ఎత్తే ఒక అక్కో అన్నో ఉండాలి. "ఎంబీబీఎస్ రాలేదా?" అని చుట్టాలు అడిగే ప్రశ్నకు జవాబు వెతుక్కుంటున్న పిల్లను మండల పశువైద్యురాలైన అక్క ఒకసారి తనతో పాటు ఊళ్లోకి తీసుకెళ్తే ఆ జవాబు అక్కడే దొరుకుతుంది.

ఖర్చు విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. వార్షిక కలయికకు వసూలయ్యే చందాలో సగానికి తగ్గకుండా రిజిస్టర్ల పనికీ ఫీజు సాయానికీ కేటాయించాలని, శాలువాలు, జ్ఞాపికలు, హోటలు విందు మానుకుని కళాశాల మెస్సులోనే భోజనం పెట్టించుకోవాలని ప్రతిపాదన వచ్చింది. పెద్ద బ్యాచిల సభ్యులు కొందరు, దూరం నుంచి వయసు మీద పడినా వచ్చే గురువులను సన్మానించకపోవడం మర్యాద కాదని అభ్యంతరం తెలిపారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే గురువులకు సన్మానం ఉండాలని, సభ్యులు ఒకరికొకరు చేసుకునే సన్మానాలు ఆగాలని సవరణ చేసి, మెజారిటీ ఓటుతో ఆమోదించాం. భిన్నాభిప్రాయాన్ని మినిట్సులో నమోదు చేశాం. మిగిలిన అంశాలన్నీ ఏకగ్రీవం.

గత ఏడాదిలో కన్నుమూసిన గురువులకు, సహాధ్యాయులకు, ఫారం సిబ్బందికి సమావేశం లేచి నిలబడి నివాళి అర్పించింది.

ఈ తీర్మానం ప్రతులను విశ్వవిద్యాలయ ఉపకులపతికి, రిజిస్ట్రారుకు, కళాశాల అసోసియేట్ డీన్‌కు, లాం, పలమనేరు కేంద్రాల అధిపతులకు పంపాలి. పశు క్షేత్రంలో పనిచేసేవారికి పని వేళ ముగిశాక కార్యదర్శి స్వయంగా చదివి వినిపించి, చేర్పులు, మార్పులు ఉంటే రాసుకోవాలి. రిజిస్టర్ల పనికి అనుమతి కోరుతూ రాసే ఉత్తరం ఈ నెలాఖరులోగా వెళ్లాలి. రిజిస్టర్ల పనిని చూసుకునే ఉపసంఘంలో ఇద్దరు ప్రజనన శాస్త్ర సభ్యులు, ఒక పీజీ విద్యార్థి, ఒక రిటైరైన ఫారం ఉద్యోగి ఉండాలి. ఆ ఉపసంఘం వచ్చే ముక్కనుమ సమావేశానికి ఎన్ని పేజీలు స్కాను అయ్యాయో, ఎన్ని చెడిపోయి చదవడానికి వీల్లేకుండా ఉన్నాయో, ఎంత ఖర్చయిందో లెక్క చెప్పాలి.