అమ్మకి పని లేని పొద్దు

“ఓడెక్కడానికి అన్ని డబ్బులెందుకురా? తిరుపతి వెళ్లొద్దాం” అంది అమ్మ. తిరుపతి, అరకు, ఊటీ... ఎక్కడికెళ్లినా ఒకటే కథ. తన మోకాళ్లు మెట్ల దగ్గర మొరాయిస్తాయి. లాడ్జి మారినప్పుడల్లా బ్యాగులు సర్దేది తనే. ఫ్లాస్కు, మాత్రల డబ్బా, పులిహోర పొట్లాలు కూడా తన ఖాతాలోనే. టూరు మాది, డ్యూటీ తనది.

అందుకే విశాఖ నుంచి చెన్నైకి క్రూయిజ్ బుక్ చేశా. రైల్లో ఒక్క రాత్రి ప్రయాణానికి ఇంత ఖర్చా అని నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. ఓడ పేరు ఎంప్రెస్. 1990 నాటిది, 11 అంతస్తులు. 2022 జూన్‌లో విశాఖ నుంచి ట్రిప్పులు మొదలుపెట్టింది. కదిలే ముందు లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో అందరికీ చూపిస్తారు. అది చూశాక నాన్న మళ్లీ మౌనవ్రతం.

క్రూయిజ్ అంటే స్విమ్మింగ్ పూల్, రాత్రి షోలు అనుకుంటాం. నాకు నచ్చింది వేరే: గది మనతోపాటే వస్తుంది. ఒకసారి బ్యాగు విప్పితే దిగేదాకా సర్దే పనే లేదు. పై అంతస్తుకి లిఫ్టు. టిఫినూ భోజనం టికెట్‌లోనే.

మర్నాడు తెల్లారకముందే లేచి మంచం మీద కూర్చుంది అమ్మ. “ఇప్పుడు నేనేం చెయ్యాలి?” అంది. పాలప్యాకెట్ లేదు, వాకిలి లేదు. ఏం చెప్పాలో తెలియక పైడెక్ మీదకి తీసుకెళ్లా. టీ తాగుతూ చెప్పింది: పెళ్లికి ముందు టైపు హయ్యర్ పాసైందట, ఉద్యోగం కూడా వచ్చిందట. తాతయ్య వద్దన్నారట. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు. నా ఫోన్లో సిగ్నల్ గీతలు రాత్రే మాయమయ్యాయి. ఉండుంటే అప్పుడూ రీల్స్ చూస్తూ ఉండేవాణ్ణే.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. కడుపులో తిప్పే రకమైతే ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అడగండి, ఊపు తక్కువ. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. రోమింగ్ ఆన్‌లో ఉండి ఓడ నెట్‌వర్క్ పట్టుకుందంటే, తర్వాత కళ్లు తిరిగేది అలలకి కాదు, బిల్లుకి. వైఫైకీ, కూల్‌డ్రింకులకీ వేరే కట్టాలి.

చెన్నైలో దిగి ఆటో ఎక్కగానే అమ్మ అడిగింది: “మన వైజాగ్ నుంచి అండమాన్‌కి గవర్నమెంటు ఓడ ఉంటుందటగా, టికెట్ ఎంతట్రా?”