గోప్యత వేరు, దొంగచాటు వేరు

మా వద్దకు సలహా కోసం వచ్చే తల్లిదండ్రుల ప్రశ్న ఈ కొన్నేళ్ళలో మారిపోయింది. ఇదివరకు, 'ఫలానా ఊరి నుండి సంబంధం వచ్చింది, ఆ కుటుంబం గురించి మీకేమైనా తెలుసా?' అని అడిగేవారు. ఇప్పుడు, 'అమ్మాయి ఫోనులో ఏదో పరిచయాల యాప్ ఉంది, ఏం చేయమంటారు?' అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. కొందరు తండ్రులైతే ఫోను లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేసిన తరువాతే మా దగ్గరకు వస్తారు. బీరువాలో ఉన్నది ఫోను మాత్రమే. యాప్‌లోని ఖాతా, ఫొటో, వివరాలు ఎక్కడివక్కడే ఉంటాయి.

నికాహ్ ఉద్దేశమే లేకుండా కాలక్షేపానికి స్త్రీపురుషులను కలిపే డేటింగ్ యాప్‌ల గురించి మేము ఇక్కడ చర్చించబోము. వాటి విషయంలో ధర్మం ఏమిటో పాఠకులకు తెలియనిది కాదు. మా చర్చ పెళ్ళి సంబంధాల యాప్‌ల గురించి. 'అవి కూడా హరామేనా?' అని అడిగేవారికి మా సమాధానం ఒక్కటే: యాప్ మధ్యవర్తి మాత్రమే. మధ్యవర్తి ద్వారా సంబంధం కదపడం మన చరిత్రకు కొత్త కాదు. హజ్రత్ ఖదీజా (రజి) తమ మనోగతాన్ని నఫీసా అనే స్త్రీ ద్వారా తెలియజేశారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. హైదరాబాదు పాతబస్తీలో సంబంధాలు కుదిర్చే మష్షాతాలు నిన్న మొన్నటి వరకు ఇంటింటికీ తిరిగేవారు. అయితే మష్షాతాకు రెండు ఇళ్ళూ తెలుసు. అబద్ధం చెబితే ఆ వీధిలో మరో గడప తొక్కనివ్వరన్న భయమూ ఉండేది. యాప్‌కు ఏ ఇల్లూ తెలియదు, ఆ భయమూ లేదు. కనుక విచారణ భారమంతా మనమీదే పడింది.

ఈ విచారణను మొహమాటంగా భావించేవారు హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) ఉదంతాన్ని గుర్తుచేసుకోవాలి. ఇద్దరు పెద్దమనుషుల నుండి వచ్చిన సంబంధాల గురించి ఆమె దైవప్రవక్త (సఅసం)ను సలహా అడిగారు. ఒకరు స్త్రీల పట్ల కఠినులని, మరొకరి వద్ద ధనం లేదని ఆయన దాపరికం లేకుండా చెప్పి, హజ్రత్ ఉసామా (రజి)ని సూచించారు. పెళ్ళి విచారణలో ఉన్నదున్నట్లు చెప్పడం పరనింద కాదని ధర్మవేత్తలు దీని నుండే గ్రహించారు.

ఇక గోప్యత సంగతి. మన ఆడపిల్లల ఫొటో విషయంలో జాగ్రత్త అవసరమని చెప్పడానికి ఇప్పుడు ఫత్వాలు అక్కరలేదు. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అనే పేర్లతో, ముస్లిం మహిళల ఫొటోలను వారి సామాజిక మాధ్యమాల నుండి ఎత్తుకెళ్ళి వేలానికి పెట్టినట్లు చూపిన నీచులు ఉన్నారు. అరెస్టయిన వారిలో ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా ఉండటం మమ్మల్ని మరింత కలచివేసింది. అందువల్ల ఫొటోను అందరికీ చూపకుండా, తాను అనుమతించిన వారికే కనబడేలా మసకగా ఉంచే సదుపాయం ఉన్న యాప్‌నే ఎంచుకోవాలి. మరెక్కడా పెట్టని ఫొటో వాడాలి. అందులో ఇంటి నంబరు గాని, కళాశాల గుర్తింపు కార్డు గాని, పనిచేసే చోటి బోర్డు గాని పడకూడదు. పూర్తి పేరు, ఫోను నంబరు, ఆధార్ ప్రతి తొలిదశలో ఎవరికీ ఇవ్వరాదు. మాటలు యాప్ లోపలే సాగనివ్వాలి. రెండో రోజే వాట్సాప్‌కు రమ్మని తొందరపెట్టేవాడిని అక్కడే ఆపివేయాలి.

ఉన్న చోటును తెలిపే లొకేషన్ అనుమతిని కూడా ఆపి ఉంచాలి. పేరులో 'ముస్లిం' అని ఉన్నంత మాత్రాన యాప్ నమ్మదగినది కాబోదు. నమాజు వేళలు తెలిపే 'ముస్లిం ప్రో', పరిచయాల యాప్ 'ముస్లిం మింగిల్' వాడేవారు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరేదని, ఆ సంస్థ ఖాతాదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని 2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే వార్తా సంస్థ బయటపెట్టింది. ఆ తరువాత ముస్లిం ప్రో ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నట్లు ప్రకటించింది.

ఇంతవరకు చెప్పినది అపరిచితుల నుండి దాచుకోవడం. ఇంటివారి నుండి దాచుకోవడం పూర్తిగా వేరే సంగతి. భర్తను కోల్పోయి గడువులో ఉన్న స్త్రీల ప్రస్తావనలో దివ్యఖుర్‌ఆన్ (2:235) పెళ్ళి తలంపును సూచనగా తెలపడానికి అనుమతిస్తూనే, చాటుమాటు వాగ్దానాలను వారించింది. వలీ విషయంలో ఫిఖ్ పండితుల మధ్య ఉన్న భేదాన్ని ఇక్కడ తవ్వబోము. కాని తండ్రో, అన్నో, మేనమామో, కనీసం తల్లో ఒకరికి తెలిసి ఉండటం అమ్మాయికి రక్షణ. లండన్‌లో 'ముజ్‌మ్యాచ్'గా మొదలై ఇప్పుడు 'ముజ్' అని పిలువబడుతున్న యాప్‌లో, సంభాషణల ప్రతిని వలీకి కూడా పంపే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు పెట్టగానే సంభాషణ మానుకొనే వరుడు ఉంటాడు. అతడి ఉద్దేశం అప్పుడే బయటపడుతుంది కనుక అదొక మేలే.

నాలుగు మాటల తరువాత సంబంధం నచ్చితే, ఇంటివారి సమక్షంలో వీడియో కాల్ అడగాలి. వంద సాకులు చెప్పి ముఖం చూపనివాడు ఫొటోలోని మనిషి కాడు. గల్ఫ్‌లో ఉన్నానంటే ఏ కంపెనీ, ఏ ఊరు అని అడగాలి. సౌదీ అయితే ఇఖామాను ఇరువైపుల పెద్దలు కూర్చొన్నప్పుడు చూడాలి. కువైట్‌లో మన కడప, రాయచోటి వారు ఎందరో ఉన్నారు. అతడు ఏ మస్జిదులో జుమా చదువుతాడో తెలిస్తే, ఇంతకుముందే పెళ్ళయిందా అన్నది కూడా వారే తెలుసుకొని చెప్పగలరు. విదేశం నుండి కానుక పంపానని, విమానాశ్రయంలో కస్టమ్స్ వారు ఆపారని, విడిపించడానికి సొమ్ము కట్టమని ఎవరైనా అంటే అది పాత మోసం. నికాహ్‌కు ముందు ఏ కారణం మీదా ఒక్క రూపాయి పంపరాదు. (కట్నం అని వ్రాయడానికి సిగ్గుపడి, 'అమ్మాయి జీతమెంత?' అని మొదటే అడిగేవారి గురించి మరో నెలలో వ్రాస్తాము.) కలుసుకోవలసి వస్తే పెద్దల సమక్షంలోనే. దైవప్రవక్త (సఅసం) ఏకాంతాన్ని ఎందుకు వారించారో ఈ కాలపు పోలీసు రికార్డులు చూస్తే అర్థమవుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా మమ్మల్ని కలవరపెడుతున్నది బెదిరింపు. ఏదో ఒక బలహీన క్షణంలో పంపిన ఫొటోను, లేదా కాల్‌లో రికార్డు చేసిన దృశ్యాన్ని అడ్డుపెట్టుకొని డబ్బు గుంజుతారు. అమ్మాయిలే కాదు, మన అబ్బాయిలు కూడా ఈ వలలో పడుతున్నారు. 'మీ అబ్బాకు పంపుతాను' అన్న ఒక్క మాట మీద ఈ వ్యాపారం నడుస్తుంది. అబ్బాకు ముందే తెలిసిన ఇంట్లో ఆ మాటకు విలువ లేదు. కనుక తల్లిదండ్రులకు మా విన్నపం: తప్పు జరిగిందని బిడ్డ ఏడుస్తూ వచ్చి చెప్పిన రోజున చేయి ఎత్తకండి. మందలింపుకు సమయం తరువాత ఉంటుంది. ఆ రోజు చేయవలసినవి వేరు. డబ్బు పంపవద్దు, ఒకసారి పంపితే అడగడం ఆగదు. సందేశాలను చెరిపివేయవద్దు, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాలి. సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయాలి. సొమ్ము అప్పటికే వెళ్ళి ఉంటే ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. 18 ఏళ్ళు నిండినవారు 'స్టాప్ ఎన్‌సిఐఐ డాట్ ఆర్గ్' అనే సైట్‌ను కూడా ఉపయోగించుకోవచ్చు. ఫొటో మన ఫోను దాటి వెళ్ళదు. దాని డిజిటల్ ముద్ర మాత్రమే వెళ్ళి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వాటిలో ఆ ఫొటో వ్యాపించకుండా అడ్డుకోవడానికి తోడ్పడుతుంది. ఫొటోను బిడ్డ ఇష్టపూర్వకంగానే పంపినా, అనుమతి లేకుండా దాన్ని వ్యాపింపజేసినవాడిని చట్టం నేరస్థుడిగానే చూస్తుంది. ఆ మాట బిడ్డకు చెప్పండి.

సంబంధం నిశ్చయమైన రోజున మరొక పని మిగిలి ఉంటుంది. ఒకరి మాట కుదిరిన చోటికి మరొకరు మాట పంపరాదన్నది ప్రవక్త (సఅసం) బోధన. ఖాతా తెరిచి ఉంచితే ఆ మాటలు వస్తూనే ఉంటాయి. యాప్‌ను ఫోను నుండి తీసివేయడం చాలదు. ముందు చందా రద్దు చేయాలి, ఫొటోలు తీసివేయాలి, ఆపైన సెట్టింగులలోకి వెళ్ళి ఖాతాను శాశ్వతంగా తొలగించాలి. అబ్బాయి కూడా తొలగించాడా అని అడగడానికి అమ్మాయి తరఫువారు మొహమాటపడనవసరం లేదు.