పార్కిన్సన్స్ రోగిని కూర్చోబెట్టడం చికిత్స కాదు

పార్కిన్సన్స్ వ్యాధి ముదిరి నడక తడబడుతున్న మనిషిని చూసి బంధువులూ, కొందరు వైద్యులూ చెప్పే మాట ఒక్కటే: "వయసు మీద పడింది, ఇక కూర్చోబెట్టండి." ఈ మాట సలహా వేషం వేసుకున్న నిర్లక్ష్యం. కూర్చోబెట్టిన మనిషికి కండలు కరుగుతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, పక్కపుండ్లు పడతాయి. పడిపోతాడన్న భయంతో మనం చేసే పని, అతను పడిపోయే రోజును మరింత దగ్గరకు తెస్తుంది.

మెదడులో డోపమిన్‌ను తయారుచేసే కణాలు క్షీణించడం వల్ల, ఆలోచించకుండానే సాగవలసిన నడక మందగిస్తుంది. గడప దగ్గర, మలుపు దగ్గర పాదాలు నేలకు అతుక్కున్నట్టు నిలిచిపోతాయి. విచిత్రమేమంటే, అలా ఆగిపోయిన మనిషే నేలమీద అడ్డగీత కనిపిస్తే దానిని దాటగలడు. కంటితో చూసి, లయ పట్టి, ధ్యాస పెట్టి వేసే అడుగుకు మెదడులో వేరే దారి ఉంది. బ్రిటిష్ వైద్యుడు పర్డన్ మార్టిన్ ఈ సంగతిని 1967లోనే గ్రంథస్థం చేశారు.

యాలాల్, తాండూరు ప్రాంతంలో ఎన్నో ఇళ్ల నేల నాపరాయే. మంచం నుంచి మరుగుదొడ్డి వరకు, ఆ రాతి రంగులో కలిసిపోని టేపును అడుగుకొకటి చొప్పున అడ్డంగా అతికించండి. పాదం ఆగినప్పుడు చేయి పట్టి లాగకండి. నిలబడి, బరువును ఒక కాలి నుంచి మరో కాలికి మార్చి, "ఒకటి, రెండు" అని లెక్కపెడుతూ అడుగు వేయమనండి. ఒక్కసారిగా గిరుక్కున కాకుండా, వెడల్పుగా చుట్టు తిరగమనండి. నడుస్తున్నప్పుడు మాటల్లో పెట్టకండి. దీనికయ్యే ఖర్చు ఒక టేపు చుట్ట.

ఇక మందు సంగతి. "ఉదయం, మధ్యాహ్నం, రాత్రి" అని రాసిన చీటీ ముదిరిన పార్కిన్సన్స్‌కు చాలదు. ఈ దశలో ఒక్కో లెవోడోపా మోతాదు పనిచేసే వ్యవధి కుదించుకుపోతుంది. కాబట్టి మాత్ర వేసిన వేళనూ నడక ఆగిన వేళనూ గడియారం చూసి రాయండి. మందు ప్రభావం తగ్గినప్పుడే ఆగుతుంటే, వేళలనూ మోతాదునూ వైద్యుడు సరిదిద్దగలరు. మందు బాగా పనిచేస్తున్న వేళలోనూ ఆగుతుంటే, మోతాదు పెంచడం ఒక్కటే దారి కాదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది మనకు గర్వకారణమే. కానీ పప్పులోని మాంసకృత్తులు లెవోడోపాకు అడ్డుపడతాయి. పప్పు మానవద్దు, మాత్రను భోజనానికి అరగంట ముందు వేయండి.

కళ్లు తిరుగుతున్నాయంటే సిన్నరిజిన్, వాంతి అంటే మెటోక్లోప్రమైడ్ అలవాటుగా ఇచ్చేవారితో నాకు పేచీ ఉంది. రెండూ పార్కిన్సన్స్ లక్షణాలను పెంచగలవు. తల తిరుగుతోందన్న రోగికి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూడటానికి ఎంతసేపు పడుతుంది? నిలబడగానే అది పడిపోతుంటే, తూలడానికి కారణం అక్కడే దొరకవచ్చు.

"మెదడుకు ఆపరేషన్ చేయిస్తే నడుస్తాడట" అన్న ఆశ మరో కొస. లోతు మెదడు ప్రేరణ చికిత్స తగిన రోగికి మేలు చేస్తుంది. అయితే లెవోడోపాకు లొంగని నడక సాధారణంగా దానికీ లొంగదు. పొలం అమ్మే ముందు ఈ ప్రశ్నను శస్త్రవైద్యుణ్ణి సూటిగా అడగండి.

"పడి తుంటి విరిగితే బాధ్యులెవరు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఒంటరిగా వదలమని నేను అనడం లేదు. పక్కన మనిషి, గోడకు పట్టుకమ్మి, తగిన చేతి ఆసరా, వాటిని వాడటం నేర్పే ఫిజియోథెరపిస్టు కావాలంటున్నాను. అందరి నడకా తిరిగి రాదు. నడవలేనివారికి సైతం రోజూ పట్టుకొని నిలబడే సాధన మేలే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు ధ్రువపత్రంతో ఆగకూడదు. యాలాల్ రోగి నడక నేర్చుకోవడానికి వారం వారం వంద కిలోమీటర్లు దాటి హైదరాబాదు వెళ్లలేడు. ఆ శిక్షణ తాండూరులో అందాలి, మందుల చీటీతో పాటే మొదలవాలి. ఈసారి ఎవరైనా "కూర్చోబెట్టండి" అంటే, ఏ ప్రయత్నం చేసి చూసిన తరువాత ఆ మాట అంటున్నారో అడగండి.